‘పెన్సిలిన్ పడదు’ అని రాసే ముందు

అధ్యక్షులకు, సభికులకు నమస్కారం. అమాక్సిసిలిన్ మేలునూ ముప్పునూ సమానంగా వివరించమని నిర్వాహకులు కోరారు. మేలు గురించి త్వరగా ముగిస్తాను.

1970ల తొలినాళ్లలో వాడుకలోకి వచ్చిన ఈ మందు పెన్సిలిన్ కుటుంబానిది. బాక్టీరియా తన కణకవచాన్ని కట్టుకోవడానికి అవసరమైన ఎంజైములను ఇది అడ్డుకోవడంతో, పెరుగుతున్న కణం చిట్లిపోతుంది. మన కణాలకు అటువంటి కవచమే లేదు. చెవిలో ఇన్‌ఫెక్షన్, స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి, కొన్ని రకాల న్యుమోనియా దీనికి లొంగుతాయి. జలుబూ ఫ్లూ వైరస్‌ల వల్ల వచ్చేవి కనుక లొంగవు.

ఇక ముప్పు. వికారం, విరేచనాలు తరచుగా కనిపించేవే. నిజంగా భయపడవలసినది అనాఫిలాక్సిస్ అనే ప్రాణాంతకమైన అలర్జీ: సాధారణంగా గంటలోపే దద్దుర్లు లేచి, గొంతు వాచి, ఊపిరాడక, బీపీ పడిపోతుంది. అలా జరిగినవారికి నిపుణుల అనుమతి లేనిదే పెన్సిలిన్ జాతి మందు ఏదీ ఇవ్వకూడదు. ఇందులో రాజీ లేదు.

అయితే నా ఫిర్యాదు వేరు. పసితనంలో ఈ జాతి మందు వాడుతుండగా జ్వరంతో పాటు ఒంటి మీద నాలుగు ఎర్రమచ్చలు కనిపించగానే ‘పెన్సిలిన్ పడదు’ అని రాసేస్తారు; ఆ మచ్చలు వైరస్ వల్ల వచ్చాయేమోనని ఎవరూ అడగరు. నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దావిడ ఫైలులో ఆ మాట పేజీ పేజీకీ ఎర్రసిరాతో ఉంది. ఏం జరిగిందమ్మా అని అడిగితే, “నాకు తెలియదండీ, మా అమ్మ చెప్పేది” అన్నారు. పరీక్ష చేయిస్తే అలర్జీ లేదని తేలింది. అలర్జీ ఉందని చెప్పుకునే ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది పరీక్షలో ఆ మందును తట్టుకుంటారు. నిజమైన అలర్జీ సైతం 10 ఏళ్లలో చాలామందికి తగ్గిపోతుంది. ఈలోగా ‘పడదు’ అని రాయించుకున్నవారికి అవసరానికి మించి విస్తృతంగా పనిచేసే యాంటీబయాటిక్‌లు ఇస్తారు. వాటితో పేగుల్లోని మేలు చేసే బాక్టీరియా నశించి, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే హానికర బాక్టీరియా తెచ్చే విరేచనాల బెడద పెరుగుతుంది. ఒక్క ప్రశ్న అడగనందుకు ఇంత మూల్యమా?

నర్సింగ్ విద్యార్థులారా, మీతోనే ఈ పని మొదలు కావాలి. ఏ మందు, వేసుకున్న ఎంతసేపటికి, ఏమైంది, తరువాత ఎప్పుడైనా అదే జాతి మందు వాడారా: ఇవి అడిగి, జవాబులను ఉన్నవి ఉన్నట్లు రాయండి. మందుల నిరోధకత గురించి కూడా చెప్పాలనుకున్నాను కానీ, నా ఫిర్యాదే సమయమంతా తినేసింది.

ఈ మాటలు విని ఎవరూ ఇంట్లో ఒక మాత్ర మింగి అలర్జీ ఉందో లేదో తేల్చుకోవద్దు. ఆ పరీక్ష అనాఫిలాక్సిస్‌కు విరుగుడైన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ సిద్ధంగా ఉన్న చోట, వైద్యుల కళ్లెదుటే జరగాలి.