చెస్ బోర్డు ఎటు తిప్పి పెట్టాలి, ఎత్తులు ఎలా రాయాలి

[తెర మీద: ఖాళీ బోర్డు, పైనుంచి]

బోర్డు ముందు పెట్టుకున్నారా? ఇప్పుడు మీకు దగ్గరగా, కుడిచేతి వైపు మూలన ఉన్న గడి చూడండి. అది తెల్లగా ఉండాలి. నల్లగా ఉంటే బోర్డుని పావు చుట్టు తిప్పండి, అంతే.

ఎటు తిప్పినా 64 గళ్లే కదా, ఏమవుతుందిలే అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని చాలా రోజులు ఆడేశాను. తర్వాత ఒకసారి పుస్తకంలో ఉన్న ఆటని బోర్డు మీద వేసి చూద్దామని కూర్చుంటే, నాలుగో ఎత్తుకే పావులు ఎక్కడికీ పోవడం లేదు. పుస్తకంలో తప్పు పడిందని గట్టిగా నమ్మాను కూడా! తప్పంతా నా బోర్డుదే.

[తెర మీద: పావులు ఒక్కొక్కటిగా]

పావులు పేర్చడం సులువే. రెండు మూలల్లో ఏనుగులు, వాటి పక్కన గుర్రాలు, ఆ పక్కన బిషప్‌లు, వీటినే కొందరు శకటాలంటారు. మధ్యలో రెండు గళ్లు మిగులుతాయి. అందరూ తడబడేది ఇక్కడే, రాజు ఎటు, మంత్రి ఎటు? మంత్రి తన రంగు గడిలోనే నిలబడుతుంది, తెల్ల మంత్రి తెల్ల గడిలో, నల్ల మంత్రి నల్ల గడిలో. మిగిలింది రాజుది. రాజుకి ఎదురుగా రాజు, మంత్రికి ఎదురుగా మంత్రి ఉన్నారో లేదో చూసుకుని, ముందు వరుసలో ఎనిమిది బంట్లు పెట్టేయండి.

ఇప్పుడు నా పాత తప్పు సంగతి. బోర్డు అడ్డంగా పెట్టి, మంత్రిని మాత్రం గుర్తుగా తన రంగు గడిలోనే పెట్టామనుకోండి, అప్పుడు రాజు, మంత్రి ఒకరి చోట్లోకి ఒకరు వెళ్లిపోతారు. ఆట నడిచిపోతుంది, ఎవరికీ తేడా కూడా తెలియదు, కానీ మీరు ఆడుతున్నది అద్దంలో చూస్తున్నట్టు తిరగబడిన ఆట, రాసుకున్న ఎత్తులు ఒక్కటీ దానికి సరిపోవు.

[తెర మీద: అక్షరాలు, అంకెలు వెలుగుతాయి]

ప్రతి గడికీ ఒక పేరుంది. తెల్లపావుల వైపు కూర్చుంటే ఎడమ నుంచి కుడికి నిలువు వరుసలు ఏ, బీ, సీ, అలా హెచ్ దాకా. అడ్డ వరుసలు మన దగ్గర 1, అవతలి అంచున 8. నల్లపావులతో ఆడేవాళ్లు కూడా తెల్లవైపు నుంచే లెక్కపెట్టాలి, మీ దగ్గరున్న వరుస 1 కాదు, 8! పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఎవరి వైపు నుంచి వాళ్లు లెక్కపెట్టేవారు, ఒకే గడికి రెండేసి పేర్లన్నమాట. 1981 నుంచి ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఆ పద్ధతిని గుర్తించడం మానేసింది. మంచి పని చేసింది.

ఒక చిన్న కిటుకు. అక్షరాన్ని అంకెగా మార్చి (ఏ అంటే 1, బీ అంటే 2) పక్కనున్న అంకెతో కూడండి. సరిసంఖ్య వస్తే నల్ల గడి, బేసి వస్తే తెల్ల గడి. ఈ4 అంటే 5, 4 కలిపి 9, కాబట్టి తెల్లది.

[తెర మీద: రాతకాగితం]

ఇక రాయడం. ముందు పావు అక్షరం, తర్వాత అది చేరిన గడి. రాజుకి కే, మంత్రికి క్యూ, ఏనుగుకి ఆర్, బిషప్‌కి బీ. గుర్రాన్ని ఇంగ్లీషులో నైట్ అంటారు, ఆ స్పెల్లింగ్ కూడా కే తోనే మొదలవుతుంది, కానీ కే ని రాజుగారు ముందే తీసేసుకున్నారు కాబట్టి గుర్రానికి ఎన్ మిగిలింది. బంటుకి అక్షరమే లేదు, గడి పేరు రాస్తే చాలు.

చంపితే మధ్యలో ఎక్స్, చెక్ ఇస్తే చివర +, ఆటకట్టు అయితే #. రాజు దగ్గరి ఏనుగు వైపు క్యాస్లింగ్ (రాజు, ఏనుగు రెండూ ఒకే ఎత్తులో కదలడం) చేస్తే 0-0, దూరపు ఏనుగు వైపైతే 0-0-0. రెండు గుర్రాలూ ఒకే గడికి వెళ్లగలిగితే ఏది కదిలిందో చెప్పాలి. బీ1 లోనూ ఎఫ్3 లోనూ గుర్రాలున్నాయి, బీ1 లోది డీ2 కి వెళ్లింది అనుకోండి, ఎన్ బీ డీ2 అని రాస్తాం.

పావుల అక్షరాలు పెద్దబడి, గళ్ల అక్షరాలు చిన్నబడి. పెద్ద బీ అంటే బిషప్, చిన్న బీ అంటే రెండో నిలువు వరుస. తొందరలో రెండూ ఒకేలా గీకేశారంటే, సీ3 లో పావుని చంపింది బిషపా, బంటా అని మర్నాడు మీ రాతే మీకు అర్థం కాదు. నాకు జరిగింది, అందుకే చెబుతున్నా.

[తెర మీద: పావులు కదులుతాయి]

ఒక ఆట చూద్దాం. ప్రతి వరుసలో ముందు తెల్ల ఎత్తు, పక్కన నల్ల ఎత్తు.
1. ఈ4 ఈ5
2. క్యూ హెచ్5 ఎన్ సీ6
3. బీ సీ4 ఎన్ ఎఫ్6
4. క్యూ ఎక్స్ ఎఫ్7 #

నల్ల రాజు ఎందుకు చంపలేడు? సీ4 లో ఉన్న బిషప్ ఏటవాలుగా ఎఫ్7 దాకా కాపు కాస్తోంది మరి. మూడో ఎత్తులో గుర్రం మంత్రిని బెదిరించాలని ఎఫ్6 కి దూకింది, ఎఫ్7 సంగతి మర్చిపోయింది.

పోటీలకి వెళితే ఒకటి గుర్తుపెట్టుకోండి, ముందు ఎత్తు వెయ్యాలి, తర్వాతే రాయాలి. ముందే రాసుకుని ఆలోచిస్తూ కూర్చోవడం నిబంధనలకి విరుద్ధం. ఎక్కువ టైమ్ ఉండే ఆటల్లో రాయడం తప్పనిసరి, రాపిడ్, బ్లిట్జ్ లాంటి తక్కువ టైమ్ ఆటల్లో అక్కర్లేదు. కానీ ఒకే స్థితి మూడుసార్లు వచ్చింది, డ్రా ఇవ్వండి అని అడగాల్సి వస్తే మీ చేతిలో ఆధారం ఆ కాగితమే.

ఇప్పుడు మీ వంతు. పావులన్నీ మళ్లీ మొదటి చోట్లో పెట్టి ఇవి వెయ్యండి: 1. ఎఫ్3 ఈ5 2. జీ4. తర్వాతి ఎత్తు నల్ల మంత్రిది. ఏ గడికి వెళ్లాలో కనిపెట్టి కామెంట్‌లో రాయండి, చివర # ఉండాలి సుమా.