ఆఫీసులో బాగా వచ్చే నెట్ ఊరెళితే ఎందుకు రాదు?

(దృశ్యం: లాడ్జి గది, రాత్రి. బల్ల మీద లాప్‌టాప్)

నమస్తే అండీ. ఆ మధ్య పని మీద విజయవాడ వెళ్లి లాడ్జిలో దిగాను. రాత్రి పదిన్నరైంది, తెల్లారేలోగా ఒక ఫైల్ పంపాలి. వైఫై కనెక్ట్ అయింది, సిగ్నల్ ఫుల్లుగా ఉంది, ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. అదే వైఫై ఫోన్‌లో చక్కగా వస్తోంది. రిసెప్షన్‌లో కుర్రాడు పాపం రెండుసార్లు రౌటర్ ఆపి ఆన్ చేశాడు. అసలు సంగతి నా లాప్‌టాప్‌లో ఉంది.

(స్క్రీన్: ఐపీ సెట్టింగ్స్, నంబర్లు దగ్గరగా)

ఇది చూడండి. ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో నా లాప్‌టాప్ నంబర్, 192.168.10.45. గేట్‌వే, అంటే బయటి నెట్‌కి దారి ఇచ్చే రౌటర్ నంబర్, 192.168.10.1. ఇవి హైదరాబాద్‌లో మా ఆఫీసు నంబర్లు. లాడ్జి రౌటర్‌ది 192.168.1.1. హైదరాబాద్ ఇంటి నంబర్ పట్టుకుని బెజవాడలో ఇల్లు వెతికినట్టే ఇది. మామూలుగా ఎక్కడికెళ్లినా రౌటరే మనకో నంబర్ ఇస్తుంది. దాన్ని డీహెచ్‌సీపీ అంటారు. కానీ లాప్‌టాప్ అడిగితేనే ఇస్తుంది. మనం చేత్తో నంబర్ రాసి పెట్టేశాక అది ఇంక అడగదు.

ప్రయాణమైన ప్రతిసారీ ఈ నంబర్లు తీసేసి, తిరిగొచ్చాక మళ్లీ కొట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని పెట్టుకోకండి. టెన్షన్‌లో ఒక్క అంకె తప్పినా అంతే.

(స్క్రీన్: విండోస్ 11 సెట్టింగ్స్)

ముందు ఉన్న నంబర్లన్నీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, వైఫై, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్‌కి వెళ్లి ఐపీ, డీఎన్ఎస్ (సైట్ పేరు చెబితే దాని నంబర్ వెతికిపెట్టేది) రెండూ ఆటోమేటిక్ చేయండి. తర్వాత వెనక్కొచ్చి, మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్‌లో మీ ఆఫీసు వైఫై పేరు నొక్కి, అక్కడ మాత్రమే మాన్యువల్ పెట్టి ఫోటోలో నంబర్లు ఎక్కించండి. ఇక ఆ నంబర్లు ఆ వైఫైకే పరిమితం. వేరే వైఫైలో లాప్‌టాప్ తనంతట తానే నంబర్ అడిగి తీసుకుంటుంది. ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్ అయితే ముందు సిస్టమ్ అడ్మిన్‌ని ఒక మాట అడగండి.

డీఎన్ఎస్ కూడా ఆటోమేటిక్ అని ఎందుకన్నానంటే, రైల్వే స్టేషన్లలో రైల్‌వైర్ వైఫై మొదట ఫోన్ నంబర్, ఓటీపీ అడిగే పేజీ చూపిస్తుంది. ఆఫీసు డీఎన్ఎస్ ఉండిపోతే ఆ పేజీ రాకపోవచ్చు. ప్లాట్‌ఫామ్ మీద బండి కోసం చూస్తూ ఆ గుండ్రటి చక్రం తిరగడం చూస్తే ప్రాణం విసిగిపోతుంది.

ఆఫీసులో కేబుల్ వాడేవాళ్లకు, అక్కడ డీహెచ్‌సీపీ లేకపోతే, ఇంకో మంచి దారి ఉంది. పాత కంట్రోల్ ప్యానెల్‌లో ఐపీవీ4 ప్రాపర్టీస్‌ని ఆటోమేటిక్‌లో పెడితే పక్కన ఆల్టర్నేట్ కాన్ఫిగరేషన్ అనే ట్యాబ్ కనిపిస్తుంది. ఆఫీసు నంబర్లు అందులో రాయండి. నంబర్ ఇచ్చేవాళ్లెవరూ లేనప్పుడే లాప్‌టాప్ వాటిని వాడుకుంటుంది. మారడానికి కాస్త టైమ్ పడుతుంది, కంగారు పడకండి.

(స్క్రీన్: ప్రాక్సీ పేజీ)

ఇవన్నీ సరిచేసినా పేజీలు రాకపోతే ప్రాక్సీ చూడండి. మన బదులు పేజీలు తెచ్చిపెట్టే మధ్యవర్తి సర్వర్ అది. విండోస్‌లో చేత్తో పెట్టిన ప్రాక్సీ ఏ వైఫైకి మారినా అలాగే ఉండిపోతుంది. స్టార్ట్ మెనూలో ఇంగ్లీషులో ప్రాక్సీ అని కొడితే ఈ పేజీ వస్తుంది. యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్ దగ్గర ఆఫ్ చేయండి. అడ్రస్ చెరపకండి, అలాగే ఉంచండి. తిరిగి ఆఫీసుకెళ్లాక ఆ స్విచ్ ఒక్కటీ ఆన్ చేస్తే చాలు.