80 ప్రశ్నల్లో లేని ప్రశ్న

(చర్చలో పాల్గొన్నవారు: సమన్వయకర్త, గురుకుల పాఠశాల ప్రిన్సిపాల్‌గా పదవీ విరమణ చేసిన మాస్టారు, నవోదయలో ఏడేళ్ళు చదివి ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్న పూర్వ విద్యార్థిని, ఈసారి నవోదయకు దరఖాస్తు చేస్తున్న ఐదో తరగతి అమ్మాయి, ఆమె తల్లి.)

సమన్వయకర్త: నమస్కారం. నవోదయ అంటే పిల్లలు అక్కడే ఉండి చదువుకునే కేంద్ర ప్రభుత్వ హాస్టలు బడి. దాని ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలుంటాయి. 100 మార్కులు, రెండు గంటల సమయం. బొమ్మల్లో తేడా పట్టుకోమంటారు, భిన్నాలు కూడమంటారు, పేరా చదివి జవాబు గుర్తించమంటారు. నువ్వు ఈ బడికి ఎందుకు రావాలనుకుంటున్నావని మాత్రం ఎక్కడా అడగరు. అది మనం అడుగుదాం. మొదట అమ్మాయితోనే మాట్లాడతాను, పెద్దవాళ్ళం మొదలుపెడితే తనకు వంతు వచ్చేసరికి సమయం అయిపోతుంది. ఏమ్మా, ఏదో రాసుకొచ్చావట?

అమ్మాయి: నోటుపుస్తకంలో రాశానండి. మొదటిది కొట్టేశాను.

సమన్వయకర్త: కొట్టేసిందే ముందు చదువు.

అమ్మాయి: "నేను కలెక్టరునై దేశానికి సేవ చేయడానికి." అది నాన్న చెబితే రాశాను.

సమన్వయకర్త: మరి కొట్టేయనిది?

అమ్మాయి: "నాకు తాళం వేసుకునే పెట్టె ఉంటుందని."

(నవ్వులు)

తల్లి: నిన్న రాత్రి కూడా చెప్పానండీ, ఆ మాట చదవవద్దని. ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒకటే బీరువా. దీని అట్టపెట్టెలో ఏం దాచుకున్నా తమ్ముడు లాగేస్తాడు. మా ఊరి నుంచి ఒక అబ్బాయి హాస్టలుకు వెళ్తూ ట్రంకు పెట్టె కొనుక్కున్నాడు. అది చూసినప్పటి నుంచి ఇదే గొడవ.

సమన్వయకర్త: అందులో ఏం పెట్టుకుంటావమ్మా?

అమ్మాయి: అది చెబితే ఇక తాళం ఎందుకండి?

మాస్టారు: ఈ అమ్మాయికి నేనైతే ఇక్కడే సీటు ఇచ్చేస్తాను. నవ్వులాటకు అనడం లేదు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత "నేను ఈ పాఠశాలలో ఎందుకు చేరాను" అని రాయించాను. చేరిన మొదటి వారంలోనే రాయించేవాణ్ణి. నూటికి తొంభై కాగితాలు ఒకే చేతిరాతలా ఉండేవి. ఉన్నత చదువులు, క్రమశిక్షణ, తల్లిదండ్రుల కల, దేశసేవ. 2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది కదా, ఆ తర్వాత కొన్నాళ్ళు కాగితాల నిండా కొండలే. సంతోషమే. కానీ ఆ కాగితాల్లో పిల్లలు కనిపించేవారు కాదు. ఎప్పుడో ఒకరు "మా నాయనమ్మ గురక పెడుతుంది, చదువుకోవడానికి కుదరదు" అని రాసేవారు. ఆ పిల్లలు నాకు పేర్లతో సహా గుర్తున్నారు.

పూర్వ విద్యార్థిని: నన్ను అడిగితే నేనూ దేశసేవ అనే రాసేదాన్ని మాస్టారూ. అసలు కారణం మా పక్కింటి అబ్బాయి. అంతకు ముందు ఏడాది వాడికి నవోదయలో సీటు వచ్చింది. వాడికంటే నాకు లెక్కలు బాగా వచ్చు. అంతే. నవోదయ అంటే ఏమిటో, ఎక్కడుంటుందో, రాత్రి అమ్మ పక్కన ఉండదని కూడా ఆలోచించలేదు.

సమన్వయకర్త: వెళ్ళాక?

పూర్వ విద్యార్థిని: నీలగిరి హౌస్ అని మా వసతి గృహం, అందులో కింది మంచం ఇచ్చారు. మొదటి రాత్రి ఎవరూ ఏడవలేదు, అందరికీ కొత్త ఉత్సాహం. రెండో రాత్రి ఒక మూల నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. ఇక వరసగా మంచం తర్వాత మంచం అంటుకుంది. పక్కింటి అబ్బాయి మీద గెలిచాను కదా అన్న ధైర్యం ఆ రాత్రికి చాలలేదు. మూడో ఆదివారం నాన్న చూడటానికి వచ్చినప్పుడు ఆయన సైకిలు క్యారేజీ పట్టుకుని వదలలేదు. మా హౌస్ మేడమ్ ఒక్కొక్క వేలే విడదీశారు.

తల్లి: అమ్మా, ఆ మాట మా అమ్మాయి ముందు...

పూర్వ విద్యార్థిని: తన ముందే చెప్పాలండి. తాళం గురించి కూడా చెప్పాలి. తల్లీ, అందరం ఒకే దుకాణంలో కొన్న చిన్న తాళాలు. నా తాళంచెవితో ఇంకో నలుగురి పెట్టెలు తెరుచుకునేవి.

అమ్మాయి: అయితే పెద్ద తాళం కొనాలి.

సమన్వయకర్త: వెనక్కి తగ్గేలా లేదు. అమ్మా, తన కారణం విన్నాం. మీ కారణం ఏమిటి?

తల్లి: మా ఊళ్ళో బడి ఐదో తరగతి వరకేనండి. హైస్కూలుకు పక్క ఊరు వెళ్ళాలి. పెద్దమ్మాయి ఆటోలో వెళ్తోంది. ఎక్కేవాళ్ళు ఎక్కువైతే పిల్లలను డ్రైవరు పక్కన కూర్చోబెడతారు. వానాకాలంలో ఆటో రాదు. రాని రోజు బడి లేనట్టే. పోయిన ఏడాది సైన్సు మాస్టారు బదిలీ అయితే చాలా నెలలు వేరేవాళ్ళు రాలేదు. నవోదయలో తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్ళే ఇస్తారు. దరఖాస్తుకు కూడా రూపాయి కట్టనక్కర్లేదు. ఇంతకంటే ఏం చెప్పను? ఒకటి మాత్రం ఉంది. పెద్దదానికి కూడా రాయించాలనుకున్నాను. మా అత్తగారు ఆడపిల్లను అంత దూరం ఎందుకన్నారు. నేను నోరు మెదపలేదు. దీనికి మెదిపాను.

మాస్టారు: అదీ అసలు కారణం. కాగితం మీద రాయనిది.

సమన్వయకర్త: మాస్టారూ, ఇలాంటి బడులను పెట్టినవాళ్ళకు కూడా ఒక కారణం ఉంటుంది కదా?

మాస్టారు: ఉంది, స్పష్టంగా ఉంది. 1971 నవంబరు 23న అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకులం మొదలుపెట్టారు. పల్లెలో పుట్టిన తెలివైన పేద పిల్లవాడు పల్లెలో పుట్టినందుకే వెనకబడకూడదు, ఆలోచన అంతే. ఆ ఆలోచనే దేశం మొత్తానికి నవోదయగా వచ్చింది. 1985-86లో హర్యానాలో ఝజ్జర్, మహారాష్ట్రలో అమరావతి, ఈ రెండు చోట్ల తొలి బడులు. 1986 జాతీయ విద్యావిధానం దానికి బలమైంది. జిల్లాకో బడి, కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు, కనీసం మూడో వంతు ఆడపిల్లలకు. ప్రభుత్వం తన కారణాన్ని నియమాలుగా రాసుకుంది. తల్లిదండ్రులు తమ కారణాన్ని మనసులో రాసుకుంటారు. మధ్యలో పదేళ్ళ పిల్లను "నీకెందుకమ్మా" అని అడిగేవారు లేరు. అడగాలి, అది కూడా ఎంపికలో భాగం కావాలి అంటాను నేను.

పూర్వ విద్యార్థిని: అక్కడే మీతో పేచీ. ఎంపికలో అడిగారనుకోండి, ఎవరు గెలుస్తారు? ఇంట్లో పుస్తకాలున్న పిల్లలు. వాళ్ళ నాన్న చక్కగా నాలుగు వాక్యాలు రాసిచ్చి బట్టీ పట్టిస్తారు. నాలుగో తరగతి పిల్లలను నవోదయ కోచింగ్ పేరుతో ఇప్పటికే హాస్టళ్ళలో పెడుతున్నారు. హాస్టలు బడిలో సీటు కోసం ముందే ఇంకో హాస్టలు! రేపు వాళ్ళే "కారణాల మెటీరియల్" అచ్చు వేస్తారు. ఈ అమ్మాయి తాళం పెట్టె అన్నందుకు మార్కులు కోసేస్తారు. ఆ 80 ప్రశ్నలకు మనసు లేదంటారు. మనసు లేకపోవడమే మాలాంటివాళ్ళకు మేలు చేసింది. మా నాన్నకు చదువు లేదు, నేను మాట్లాడటానికి భయపడేదాన్ని. ఆ జవాబు పత్రంలో వృత్తాలు నల్లగా నింపాను, సీటు వచ్చింది. నోరు విప్పమని ఉంటే రాదు.

మాస్టారు: (కొంచెం ఆగి) ఆ కోణం నేను ఆలోచించలేదు.

పూర్వ విద్యార్థిని: అడగవద్దని కాదు. మార్కుల కోసం అడగవద్దు.

సమన్వయకర్త: మరి కారణం అడిగి తీసుకునే చోట్లు లేవా?

మాస్టారు: కొన్ని ప్రైవేటు గురుకులాల్లో మాట్లాడి చూస్తారు. కోరుకొండ సైనిక్ పాఠశాల లాంటి చోట కారణం పేరులోనే ఉంది, 1962 నుంచీ అది పిల్లలను సైన్యంలో అధికారులుగా చేయడానికి నడుస్తోంది. 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలు, బాసర, నూజివీడు, ఇడుపులపాయ, పదో తరగతి మార్కులు చూస్తాయి. అక్కడ చేరేసరికి పిల్లలకు పదిహేనేళ్ళు దాటుతాయి, కనీసం తామెందుకు వచ్చామో తమకు తెలుస్తుంది. నా బాధంతా ఆరో తరగతి గురించే. ఒక సంగతి చెప్పనివ్వండి. దసరా సెలవులకు అందరూ పెట్టెలు సర్దుకుని గేటు దగ్గర కూర్చున్నారు. ఒక పిల్లవాడు మాత్రం మెస్ మెట్ల మీద ఒంటరిగా ఉన్నాడు. "ఏరా, మీ నాన్న రాలేదా?" అన్నాను. "వచ్చారండి. అందుకే ఇక్కడ కూర్చున్నాను" అన్నాడు.

(కొద్దిసేపు మౌనం)

మాస్టారు: తర్వాత వాడి కాగితం తీసి చూశాను. "ఉన్నత విద్య కోసం" అని గుండ్రంగా రాసి ఉంది. మూడు నెలలు నా బడిలో ఉన్నాడు, నాకు తెలియలేదు. అందరికీ ఇంటి బెంగ ఉంటుందనుకుని ఓదార్చే పద్ధతులన్నీ నేర్చుకున్నాం. ఇంటికి వెళ్ళాలంటేనే భయపడే పిల్లవాడికి ఏం చేయాలో మాకు ఎవరూ చెప్పలేదు. ఆ సెలవులు వాణ్ణి వాళ్ళ మేనమామ దగ్గరికి పంపాం.

సమన్వయకర్త: అమ్మా, మీకేమైనా...

తల్లి: మా ఇంట్లో అలాంటిదేమీ లేదండి. కానీ ఇప్పుడు నాకే అడగాలనిపిస్తోంది. (అమ్మాయితో) నేను తిడుతున్నానని వెళ్తున్నావా?

అమ్మాయి: కొంచెం.

తల్లి: కొంచెమా?

అమ్మాయి: తమ్ముణ్ణి తిట్టవు కదా.

(నవ్వులు. తల్లి నవ్వలేదు.)

సమన్వయకర్త: దీని మీద మీరిద్దరూ ఇంటికి వెళ్ళాక మాట్లాడుకోండి, మేమెవ్వరం మధ్యలో రాము. మేడమ్, తొమ్మిదో తరగతిలో మిమ్మల్ని వేరే రాష్ట్రం పంపారు కదా?

పూర్వ విద్యార్థిని: అవునండి. తొమ్మిదిలో దాదాపు 30 శాతం మందిని ఒక ఏడాదికి వేరే భాషా ప్రాంతంలోని నవోదయకు మారుస్తారు. మేము హిందీ ప్రాంతానికి వెళ్ళాం, వాళ్ళ పిల్లలు మా బడికి వచ్చారు. ఆరో తరగతి కారణం అప్పటికి ఎప్పుడో అయిపోయింది. పక్కింటి అబ్బాయి ముఖం కూడా సరిగా గుర్తు లేదు. ఆ ఏడాది నేను నిలబడింది నాతో వచ్చిన తోటి పిల్లల వల్ల. రాత్రి దీపాలు ఆర్పాక దుప్పటి కింద తెలుగులో గుసగుసలాడుకోవడం కోసం పగలంతా ఎదురు చూసేవాళ్ళం. ఏ దరఖాస్తులో రాస్తారు చెప్పండి ఆ మాట? చేరడానికి ఒక కారణం ఉంటుంది, ఉండిపోవడానికి ఇంకొకటి దొరుకుతుంది. దొరకనివాళ్ళు కూడా ఉంటారు. నా పక్క మంచం అమ్మాయి ఏడో తరగతిలో టి.సి. తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె ఓడిపోయిందని మేమంతా అనుకున్నాం. ఇప్పుడు అలా అనుకోను.

సమన్వయకర్త: నేనూ ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను కూడా నవోదయ పరీక్ష రాశాను. సీటు రాలేదు. ఈ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు, రెండోసారి అవకాశం లేదు. బహుశా అందుకే ఈ చర్చ పెట్టాను.

అమ్మాయి: మీరు ఎందుకు రాశారండి?

సమన్వయకర్త: గేదెలు కాయనక్కర్లేదని.

మాస్టారు: కొట్టేయకుండా ఉంచదగ్గ కారణం.

పూర్వ విద్యార్థిని: ఒక చిన్న విషయం చెబుతాను, చాలామంది గమనించరు. దరఖాస్తుతో ఇచ్చే ధ్రువపత్రంలో హెడ్‌మాస్టారు వివరాలు, తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల సంతకం కూడా ఉండాలి. ఆ కాగితంలో పిల్లల సొంత మాటంటూ ఉన్నది ఆ సంతకమే. తండ్రే చేయి పట్టుకుని పెట్టించేస్తుంటాడు. ఆ ఒక్క క్షణం ఆగి, "వెళ్తావా?" అని అడిగి, వద్దు అంటే వినడానికి సిద్ధపడితే చాలు. దానికి మార్కులు అక్కర్లేదు, ఇంటర్వ్యూ అక్కర్లేదు.

సమన్వయకర్త: నువ్వు సంతకం పెట్టావా అమ్మా?

అమ్మాయి: ఇంకా లేదండి. నేర్చుకుంటున్నాను. (నోటుపుస్తకం చివరి పేజీ చూపిస్తుంది. పేజీ అంతా ఒకే పేరు. పైవరసలో అక్షరం అక్షరం విడిగా, కిందికి వచ్చేకొద్దీ కలిసిపోయి, ఆఖరి వరసలో కింద గీత, గీత కింద రెండు చుక్కలు.)

మాస్టారు: ఆ రెండు చుక్కలు ఎందుకు?

అమ్మాయి: నాన్న సంతకానికి ఒక్క చుక్కే ఉంటుంది.

సమన్వయకర్త: సమయం అయిపోవచ్చింది. ఎవరైనా ఇంకేమైనా అడగాలా?

అమ్మాయి: అక్కా, రాత్రి దీపాలు ఆర్పాక టార్చి వేసుకుంటే తిడతారా?

పూర్వ విద్యార్థిని: దుప్పటి మందంగా ఉంటే తిట్టరు.