పంప్ రూమ్ మూలన పడి ఉన్న డబ్బాలు

నమస్కారమండీ. కందిపప్పు డబ్బా అడుగున గుప్పెడు మిగిలితే కొత్త పప్పు దాని మీదే పోసేస్తాం, రెండు సగం సీసాల ఆవకాయని ఒకే జాడీలోకి సర్దేస్తాం. వంటింట్లో మంచి అలవాటే. స్విమ్మింగ్ పూల్ పక్కన పంప్ రూమ్‌లో, నీళ్ళు శుభ్రం చేసే కెమికల్స్‌తో ఇదే పని చేస్తే మాత్రం ప్రాణాల మీదికొస్తుంది.

మాది హైదరాబాద్‌లో ఒక మామూలు అపార్ట్‌మెంట్. చలికాలమంతా మూసి ఉంచిన పూల్‌ని మార్చిలో తెరుద్దామని పంప్ రూమ్ తాళం తీశాం. లోపల రెంచీలు, మేకులు, తలుపు బందులు అన్నీ తుప్పే! యాసిడ్ క్యాన్ మూత వదులైతే ఆ ఆవిరి ఇనుముని అలా తినేస్తుంది. దాని పక్కనే రాయిలా గట్టిపడ్డ క్లోరిన్ పొడి సంచీ, సగం వాడిన బిళ్ళల బకెట్టు, పేరు చెరిగిపోయిన డబ్బా ఇంకొకటి. మా ప్లంబర్ పనిమంతుడు, "అన్నీ క్లోరినే కదా సార్, ఒక డ్రమ్ములో పోసేస్తే గది ఖాళీ అయిపోద్ది" అంటూ మగ్గు అందుకున్నాడు. నేను అరిచిన అరుపుకి పాపం మగ్గు కింద పడేశాడు.

క్లోరినే, కాదనను. కానీ అన్నీ ఒకటి కావు. ఆ పొడి కాల్షియం హైపోక్లోరైట్, మన బ్లీచింగ్ పౌడర్‌కి అన్నలాంటిది. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ బలం 30 శాతం చిల్లర ఉంటే ఇందులో 65, 70 దాకా ఉంటుంది. బిళ్ళలేమో టీసీసీఏ అనే వేరే రకం క్లోరిన్ రసాయనం, వాటి బలం 90 శాతం. ఈ రెండూ కలిసిన చోట కాస్త తడి తగిలిందంటే వేడెక్కి, నైట్రోజన్ ట్రైక్లోరైడ్ అనే పేలుడు పదార్థం పుట్టొచ్చు. డ్రమ్ములో కలపక్కర్లేదు, ఒకదాంట్లో ముంచిన మగ్గునే రెండోదాంట్లో ముంచినా ప్రమాదమే. వీటిలో దేనికి యాసిడ్ తగిలినా వచ్చేది క్లోరిన్ గ్యాస్, 1915 ఏప్రిల్‌లో బెల్జియంలో జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది అదే. అది గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, అందుకని నీళ్ళలాగా పల్లానికి పారుతుంది. మన పంప్ రూములేమో చాలాచోట్ల సెల్లార్లోనే ఉంటాయి, వాచ్‌మన్ కుటుంబం పడుకునే గదీ అక్కడే.

నాకైనా ఇదంతా ముందు నుంచీ తెలుసా అంటే తెలీదు. 2024 సెప్టెంబర్ 29న అమెరికాలో, అట్లాంటా దగ్గర కాన్యర్స్ అనే ఊళ్ళో పూల్ కెమికల్స్ నిల్వ ఉంచిన ప్లాంటు అంటుకుంది. మంటలు ఆర్పడానికి పైన పెట్టిన స్ప్రింక్లరే చెడిపోయి సరుకు మీద నీళ్ళు పడ్డాయని అప్పట్లో అధికారులు చెప్పారు. సుమారు 17 వేల మందిని ఇళ్ళు ఖాళీ చేయించారు, మిగతావాళ్ళని కిటికీలు మూసుకుని ఏసీ ఆపేసి లోపలే ఉండమన్నారు. మా పెదనాన్నగారబ్బాయి ఆ చుట్టుపక్కలే ఉంటాడు, వాడు ఫోన్లో చెప్పాకే ఈ డబ్బాల సంగతి చదవడం మొదలుపెట్టాను.

కాబట్టి పొడి, బిళ్ళలు, యాసిడ్ మూడూ దేని డబ్బాలో అది, దేని మగ్గు దానికి, మగ్గు పొడిగా ఉండాలి. యాసిడ్‌కి వీలైతే వేరే గది. పై అరలో ద్రవం, కింది అరలో పొడి ఎప్పుడూ పెట్టకండి, కారితే దాని మీదే కారుతుంది. జనరేటర్ డీజిల్, పెయింట్ డబ్బాలు ఆ గదిలో ఉండకూడదు. నీళ్ళలో పొడి వేయాలి, పొడి మీద నీళ్ళు పోయకూడదు. ఇంకో సంగతి, చాలామందికి తెలీనిది: కారిడార్లలో వేలాడే ఎర్ర సిలిండర్లు ఉంటాయి చూశారా, ఏబీసీ పౌడర్‌వి, ఈ కెమికల్స్ అంటుకుంటే వాటిని ఆ మంట మీద కొట్టకూడదు, అందులోని అమ్మోనియం పొడి క్లోరిన్‌తో కలిస్తే ఇంకా చేటు. పొగ కనబడితే అందరినీ పైకి, గాలి వచ్చే వైపుకి పంపేసి 101కి ఫోన్ చేయండి. హీరోయిజం వద్దు.

మరి పాతవి ఏం చేయాలి? వాడేయడమే అన్నిటికన్నా మేలు. యాసిడ్ పాతబడేది కాదు, నీళ్ళ పీహెచ్ తగ్గించడానికి పనికొస్తుంది. లిక్విడ్ క్లోరిన్ మన ఎండలకి త్వరగా బలం పోగొట్టుకుంటుంది, కాస్త ఎక్కువ పోస్తే సరి. పొడిపొడిగా, పేరు స్పష్టంగా ఉన్న సరుకైతే పక్క అపార్ట్‌మెంట్ పూల్‌కి ఇచ్చేయొచ్చు. ఇంట్లో అర కిలో బ్లీచింగ్ పౌడర్ మిగిలితే గచ్చు కడిగేయండి, ఆ రోజు బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం ముట్టుకోవద్దు. చెత్త బండిలో వేయడం ఘోరం, లోపల తడి చెత్తతో కలిసి నలిగి అంటుకుంటే పోయేది ఆ బండి మనుషులే. ఉబ్బిన డబ్బా, తడిసిన బిళ్ళలు, పేరు లేనివి తెరవకండి, కదపకండి. అమ్మిన డీలర్‌ని పిలవండి, ఆయన తీసుకోనంటే కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. ఇలాంటి ప్రమాదకర వ్యర్థాల కోసం హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ప్రత్యేక కేంద్రాలున్నాయి.

మా గట్టిపడ్డ సంచీని, పేరు లేని డబ్బాని డీలర్ మనుషులే వచ్చి తీసుకెళ్ళారు, రెండు వారాలు ఫోన్లు చేయించుకుని మరీ. బిళ్ళలు మేమే వాడేశాం. ఖాళీ అయిన నీలం బకెట్టు చూసి వాచ్‌మన్ భార్య, "బియ్యం పోసుకుంటానయ్యా" అంది. దాన్ని నీళ్ళతో నాలుగైదుసార్లు తొలిచి, ఆ నీళ్ళు పూల్లోనే పోసి, ఎవరూ వాడకుండా అడుగు కోసేయించాను. ఆమెకి కొత్త డ్రమ్ము మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి కొనిచ్చాం. ట్రెజరర్‌గారు రసీదు చూసి కాసేపు గొణిగారనుకోండి.