టర్బో పెట్టాక బానెట్ కింద సెగ

యాంకర్: లైన్‌లో ఉన్నారు, అడగండి.

కాలర్: నమస్కారం సార్. నా పెట్రోల్ కారుకి ఈమధ్యే బయట, ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోసే టర్బో బిగించాం. బండి బాగానే లాగుతోంది, కానీ ట్రాఫిక్‌లో ఆగితే బానెట్ మీద చెయ్యి పెట్టలేం. పక్కనున్న వైర్ల ఇన్సులేషన్ కూడా మెత్తబడింది. బానెట్‌కి వెంట్లు, అంటే గాలి పోయే కంతలు, కోయిద్దామనుకుంటున్నా.

మెకానిక్: కోత తర్వాత చూద్దాం లెండి. టర్బో మీద బ్లాంకెట్, అంటే వేడి ఆపే తొడుగు, ఉందా?

కాలర్: లేదు సార్. అలాగే వదిలేశాం.

మెకానిక్: అదీ సంగతి! గట్టిగా తొక్కితే పెట్రోల్ ఇంజన్ ఎగ్జాస్ట్ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. టర్బోలో ఆ పొగ వెళ్ళే భాగం, అంటే టర్బైన్ హౌసింగ్, ఎర్రగా కాలుతుంది. వెంట్లు పెడితే వేడి గాలి బయటికి పోతుంది గానీ, ఆ ఎర్రటి ఇనుము నుంచి నేరుగా కొట్టే సెగ ఆగదు. మీ వైర్లను తింటున్నది ఆ సెగే. అందుకే ముందు టర్బైన్ వైపు బ్లాంకెట్, టర్బో నుంచి పొగ బయటికి పోయే డౌన్‌పైప్‌కి హీట్ ర్యాప్, అంటే వేడి ఆపే పట్టీ. గాలి తోసే కంప్రెసర్ వైపు మాత్రం కప్పకండి.

కాలర్: ఇంజన్ నుంచి టర్బోకి పొగ తెచ్చే మానిఫోల్డ్‌కి కూడా ర్యాప్ చుట్టేయనా?

మెకానిక్: నేనైతే చుట్టను. ర్యాప్ కింద లోహం ఇంకా కాగుతుంది, చెమ్మ కూడా నిలుస్తుంది. మైల్డ్ స్టీల్ అయితే తుప్పు, వెల్డింగ్ దగ్గర పగుళ్లు. సెరామిక్ కోటింగ్ నయం. లేదా రేకు షీల్డ్ పెట్టండి, అదీ మానిఫోల్డ్‌కి అంటకుండా, మధ్యలో వేలెడు సందు వదిలి. వైర్లు, బ్రేక్ పైపులు, పెట్రోల్ హోస్ వీలైనంత దూరం జరపండి. జరపలేని వాటికే రిఫ్లెక్టివ్ స్లీవ్.

యాంకర్: ఇంతకీ వెంట్లు వద్దంటారా?

మెకానిక్: వద్దనను. రేడియేటర్ వెనకాల, బానెట్ ముందు భాగంలో అయితే గాలి బయటికి లాగుతుంది. చాలామంది ముందద్దం దగ్గర బానెట్ వెనక అంచు పైకి లేపుతారు. స్పీడ్‌లో అక్కడ గాలి ఒత్తిడి ఎక్కువ, లోపలికే తోస్తుంది. దానికన్నా రేడియేటర్ చుట్టూ సందులు మూయండి, గాలి పక్కనుంచి జారిపోకుండా. టర్బో తోసే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ముందుంటే అది మరీ ముఖ్యం.

కాలర్: ఆపేటప్పుడు జాగ్రత్తలేమైనా?

మెకానిక్: గట్టిగా నడిపొస్తే ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. వెంటనే ఆపితే టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడుతుంది. అన్నట్టు, ఆయిల్ లీకేజీ ఏమైనా ఉందా?

కాలర్: టర్బో నుంచి ఆయిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపు దగ్గర కొంచెం తడి కనిపిస్తోంది సార్.

మెకానిక్: అయ్యో, అది ముందు చెప్పాలి కదండీ! ఆయిల్ పీల్చిన బ్లాంకెట్ అంటుకుంటుంది. లీకేజీ బాగయ్యేదాకా బ్లాంకెట్, ర్యాప్ ఏదీ వేయొద్దు, బండీ తీయొద్దు.