రంగం వెళ్లినవాళ్ల నవల ఏది?

శ్రోతలకు నమస్కారం. ఒకప్పుడు రంగం, అంటే బర్మాలోని (ఇప్పటి మయన్మార్) రంగూన్ వెళ్లిన మన తెలుగు కూలీల నవల ఏదన్నదే ఈరోజు నా ప్రశ్న.

ప్రవాస భారతీయుల కథలు అనగానే మనకు ముందు గుర్తొచ్చేవి వీసా, గ్రీన్ కార్డు, మంచు కురిసే ఊరు, ఫోనులో అమ్మ గొంతు. ఈ సరంజామాతో మంచి రచనలే వచ్చాయి. ఝంపా లాహిరి 2003లో రాసిన ‘ది నేమ్‌సేక్’ నవల మొదటి పేజీనే తీసుకోండి. ఆషిమా అనే నిండు చూలాలు అమెరికాలో తన వంటింట్లో నిలబడి రైస్ క్రిస్పీస్, వేరుశనగ గుళ్లు, ఉల్లిముక్కలు గిన్నెలో వేసి కలుపుతుంటుంది. కలకత్తా వీధుల్లో పొట్లం కట్టి అమ్మే మరమరాల కోసం ఆ తిప్పలు. ఉప్పు, నిమ్మరసం, పచ్చిమిర్చి అన్నీ పడ్డాయి. ఆవనూనె లేదు. నోట్లో వేసుకుంటే ఎప్పటిలాగే ఏదో తగ్గింది. మన విశాఖ ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తిని పెరిగి, డల్లాస్‌లో కాపురం పెట్టిన అమ్మాయికి ఈ పేజీని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

రచయిత్రి అక్కడ సంస్కృతి గురించి ఒక్క ముక్క మాట్లాడదు. మన తెలుగు ప్రవాస కథలు కొన్నిటికి ఆ ఓపిక ఉండదు. రెండో పేజీకే ఉగాది పచ్చడి, ‘మన విలువలు’ అంటూ తండ్రిగారి ఉపన్యాసం. అందరినీ ఆ గాటన కట్టడం లేదు లెండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి 1973లో అమెరికా వెళ్లిన నిడదవోలు మాలతి గారు అక్కడే ఉండి తెలుగులో కథలు రాస్తూ వచ్చారు. 1998లో ‘ఈమాట’ వెబ్ పత్రిక మొదలయ్యాక దూరాన ఉన్న రచయితలకు ఇంటర్నెట్‌లోనే ఒక అరుగు దొరికింది.

ఇంతకీ ఈ కథలన్నీ ఎవరివి? 1965లో అమెరికా వలస చట్టం మార్చి, దేశాలవారీ కోటాలు ఎత్తేసింది. డాక్టర్లకు, ఇంజనీర్లకు దారి తెరుచుకుంది. మన ఆంధ్రా మెడికల్ కాలేజీ నుంచి వెళ్లినవాళ్లూ ఎందరో. దిగులు పుడితే దాన్ని కాగితం మీద పెట్టగల చదువు వాళ్లకుంది. అంతకు చాలాముందే ఇదే తీరం నుంచి సముద్రం దాటినవాళ్లలో ఎక్కువమందికి వేలిముద్ర వేయడమే తెలుసు.

మన తాతల కాలంలో విదేశం అంటే రంగం, అంటే రంగూన్. విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు వెళ్లేవి. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఊళ్లోకొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలి డబ్బుల్లో కోత. రంగూన్ రేవులో ఓడ సరుకు దింపడం, మిల్లుల్లో బియ్యం బస్తాలు మోయడం ఎక్కువగా మనవాళ్ల పనే. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మావాళ్లను పెట్టుకున్నారు. రాజీ కుదిరి మనవాళ్లు పనిలోకి రాగానే బర్మావాళ్లను పొమ్మన్నారు. యజమానులు ఆడిన ఆటకు కూలీలూ కూలీలూ కొట్టుకున్నారు. మనవాళ్లు చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాన్ సైన్యం వచ్చిపడితే లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. దారిలో రాలిపోయినవాళ్లు రాలిపోయారు. 1962లో బర్మాలో నె విన్ సైనిక పాలన వచ్చింది, 1964లో దుకాణాలు జాతీయం చేశారు. మిగిలినవాళ్లలోనూ చాలామంది మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది.

అలా వచ్చినవాళ్లకు విశాఖలో దొరికిన చోటే కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు. బర్మాలో ‘ఇండియావాళ్లు’గా బతికినవాళ్లు ఇక్కడ దిగగానే ‘బర్మావాళ్లు’ అయిపోయారు. ప్రవాస నవలకు ఇంతకన్నా ఏం కావాలి? ఆషిమాకు ఆవనూనె దొరకలేదు. రంగూన్‌లో పుట్టిన తెలుగు ఇల్లాలు విశాఖలో, సొంత దేశంలో, బర్మా రుచి కోసం వెతుక్కుంది. ఇప్పుడు బర్మా నూడుల్స్ తినడానికి ఊరంతా ఆ క్యాంపుకే వెళుతోంది, అది వేరే సంగతి.

అమితవ్ ఘోష్ 2000లో ‘ది గ్లాస్ ప్యాలెస్’ రాశారు. 1885లో బర్మా రాజుల రాజధాని మాండలే బ్రిటిష్‌వాళ్ల చేతికి చిక్కడంతో మొదలై, 1942 నాటి ఆ నడకను కూడా చూపిస్తుంది. గొప్ప నవల, సందేహం లేదు. కానీ అందులో రాజ్‌కుమార్ అనాథగా మాండలే చేరి టేకు వ్యాపారి అయిన బెంగాలీ. కూలీలను ఓడల్లో తీసుకొచ్చి డబ్బు చేసుకున్న పక్షం అతనిది. అడ్వాన్సు తీసుకుని స్టీమరెక్కిన శ్రీకాకుళం మనిషి కళ్లతో అదే రంగూన్‌ను తెలుగులో చదవాలని నా ఆశ.

1964లో బడికెళ్లే వయసున్న పిల్లలు ఇప్పుడు అరవై, డెబ్బై దాటారు. వాళ్లలో ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, ఓడలో ఏం తిన్నారు, వెంట ఏం తెచ్చుకోనిచ్చారు, ఇక్కడి బడిలో మొదటిరోజు మిమ్మల్ని ఏమని పిలిచారు, ఇవన్నీ మనవలతో రాయించండి. మధ్యలో బర్మా మాటలు దొర్లితే కొట్టేయనివ్వకండి.

నమస్కారం.