మలావీలో బోరింగుకు తాళం, స్టూడియోలో రచ్చ

(రాత్రి చర్చలో కొంత భాగం. ముగ్గురు ఒకేసారి అరిచిన చోట్ల వినబడినంతే రాశాం.)

యాంకర్: ఇంగ్లండ్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబం, అమ్మానాన్నా కూతురూ కలిసి నడిపే చిన్న ఛారిటీ, ఆఫ్రికాలోని మలావీ పల్లెల్లో బోరింగులు వేయిస్తోంది. అందులో ఒకదాని హ్యాండిల్‌కి గొలుసు, తాళం, వెనక నాన్నమ్మ పేరుతో బోర్డు. కుటుంబమే తాళం వేసిందంటూ ఆ ఫోటో మూడు రోజులుగా వాట్సాప్‌లో తిరుగుతోంది. అందరికీ సమాన సమయం ఇస్తాను. ముందు నా ప్రశ్న: నల్గొండలో ఫ్లోరైడ్ ఉండగా మలావీ ఎందుకు?

కూతురు (జూమ్‌లో): నమస్తే అండి. ఆ తాళం మేం వేసింది కాదు, ఊరి నీళ్ల కమిటీ వేసుకుంది. మధ్యాహ్నం కాసేపు ఆపితే బోరులో నీళ్లు ఊరతాయని...

కార్యకర్త: ఒక్క నిమిషం తల్లీ. తాళం ఎవరు వేస్తే ఏంటి, బోర్డు మీద పేరెవరిది? ట్రస్టీలు ముగ్గురూ ఒకే ఇంటివాళ్లయితే లెక్క అడిగేదెవరు? రాత్రి అన్నం తింటూ మీటింగు పెట్టుకుంటారా? బ్రిటన్‌లో ఒక కుటుంబం నడిపిన ఛారిటీ, కెప్టెన్ టామ్ ఫౌండేషన్ ఏమైందో చూడలేదా?

సీఏ: దానికీ దీనికీ పోలిక లేదు సార్. అక్కడ కుటుంబం సొంత లాభం పొందిందని 2024 నవంబరులో అక్కడి ఛారిటీలను పర్యవేక్షించే ఛారిటీ కమిషన్ రిపోర్టే ఇచ్చింది. ఇక్కడ ఆ ఆరోపణే లేదు. ఇంట్లోవాళ్లు ట్రస్టీలు కావడం తప్పు కాదు, కాకపోతే బయటివాళ్లు ఒకరిద్దరు ఉంటే...

కార్యకర్త: నేనూ అదే అంటున్నా! బయటివాళ్లు లేరు. ఒప్పుకున్నారు, రాసుకోండి.

సీఏ: నేను ఒప్పుకున్నది అది కాదు...

యాంకర్: మేడమ్, నల్గొండ?

కూతురు: ఇండియాకు పంపాలంటే అక్కడ తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలండి. మావాళ్ల ఊళ్లో అడిగితే ఎవరికీ లేదు.

సీఏ: నిజమే. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, ఇంకో సంస్థకు ఇవ్వడానికీ వీల్లేదు.

కార్యకర్త: చట్టాలు చెప్పి తప్పించుకోవద్దు! మా అమ్మ రెండు మైళ్లు నడిచి బిందె మోసింది సార్, నాకు తెలుసు నీళ్ల విలువ. (దాదాపు మూడు నిమిషాలు ఆ బిందె గురించే.) అప్పుడు ఏ ఎన్నారై రాలేదు.

రిటైర్డ్ ఇంజనీరు: అసలు సంగతి బోరింగండి. మన ఊళ్లలో ఉండే ఇండియా మార్క్ 2లో లోపల వాషరు పోతే పైపులన్నీ పైకి లాగాలి, ట్రైపాడ్ తేవాలి, పదిమంది కావాలి. మలావీలో వాడే ఆఫ్రిడెవ్‌కు ఆ బాధ లేదు, రాడ్డు పైకి తీసి ఊళ్లో ఆడవాళ్లే ఒక్క పానాతో సీలు మార్చేస్తారు. మరి ఆ సీలు కొనడానికి కమిటీ దగ్గర డబ్బుందా? బోర్డు కాదు, అదీ చూడాల్సింది. 2006లో ప్లేపంపులని, పిల్లలు రంగులరాట్నం తిప్పితే నీళ్లొస్తాయని అమెరికా కోట్ల డాలర్లు ప్రకటించింది. పాడయ్యాక బాగుచేసేవాళ్లు లేక...

యాంకర్: సార్, మీరూ నల్గొండ మీద...

ఇంజనీరు: నల్గొండ పేరుతోనే ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఉంది, పటిక, సున్నం కలిపేది. అది టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. మన నల్గొండే ఆఫ్రికాకు పోయిందండీ!

యాంకర్: అంటే ఇక్కడ సమస్య తీరకుండానే అక్కడికి పంపేశాం.

ఇంజనీరు: అయ్యో, నేనన్నది...

కార్యకర్త: బాగా అడిగారు! మిషన్ భగీరథ నీళ్లు ఎన్ని ఇళ్లకు వస్తున్నాయో ముందు తేల్చండి...

యాంకర్: రాజకీయం వద్దు సార్. (రెండు నిమిషాలు రాజకీయమే.)

కూతురు: నన్నొక మాట చెప్పనివ్వండి. 2022, 23లో మలావీలో కలరాతో 1,700 మందికి పైగా చనిపోయారు. ఆ మధ్యలోనే ఫ్రెడ్డీ తుఫాను వచ్చింది. మేం కొత్త బోర్లు ఆపేసి పాతవి బాగుచేయించడం మొదలుపెట్టింది అప్పుడే...

కార్యకర్త: చూశారా, ఆపేశామంటోంది!

యాంకర్: ఇది సీరియస్ పాయింట్ మేడమ్. ఆపేశారా?

కూతురు: కొత్తవి అండి. కొత్తవి. పాతవాటికి...

(ఆమె ఆడియో పోయింది. వచ్చేసరికి కార్యకర్త మళ్లీ బోర్డు దగ్గర ఉన్నారు.)

కార్యకర్త: నేను సూటిగా అడుగుతున్నా, ఇప్పటికి నాలుగోసారి. నాన్నమ్మ పేరెందుకు?

కూతురు: మా డబ్బుతో వేసిన మొదటి బోరు అదొక్కటే. మిగతావాటికి బోర్డుల్లేవు, ఫోటోలు పంపుతాను.

కార్యకర్త: ఫోటోలు ఎవరైనా పంపుతారు.

ఇంజనీరు: అమ్మా, ఆ తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది?

కూతురు: పంపుకు ఎదురింట్లో ఒక ముసలావిడ ఉంటుందండి, నెలనెలా చందా వసూలు చేసేదీ ఆవిడే. 2023 నవంబరులో ఒక్కరోజులో డాలరు ధర 44 శాతం పెరిగేలా వాళ్ల కరెన్సీ క్వాచా విలువ తగ్గించేశారు. అప్పటినుంచి ఆ చందా సీళ్లకు చాలక...

యాంకర్: టైం అయిపోయింది. చివరి నిమిషం మీదే మేడమ్.

కార్యకర్త: చివరిగా నాదొక్క మాట...